నసీమున్నీసా వెనక

గుంటూరు,
10 నవంబరు 2024

బసవత్తకు,

ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. నిన్న నేను చేసింది ఒక్క ప్రశ్న అడగడానికి. నువ్వు గంటసేపు నా బూట్లను తిట్టిపోసి, పాలు పొంగుతున్నాయని పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం. ఊళ్లో పోస్టాఫీసు నీ చేతిలోనే ఉంది కాబట్టి అందలేదని చెప్పలేవు. పైగా ఉత్తరానికి మధ్యలో అడ్డం రావడం ఎవరివల్లా కాదు, నీవల్ల కూడా.

నేను అడగబోయింది ఇది. మా పరుగు సంఘం వాళ్లు ఫిబ్రవరిలో ఆడవాళ్లకు పది కిలోమీటర్ల రోడ్డు పందెం పెడుతున్నారు. ఈ జిల్లాలో పుట్టిన లాంగ్ డిస్టెన్స్ అమ్మాయిల్లో, అప్పటి నుంచీ ఇప్పటిదాకా, అందరికంటే గొప్ప ఎవరో తేల్చి పందేనికి ఆమె పేరు పెట్టాలట. తేల్చే పని మా కోచ్ రామకాంత్ గారికీ, సంఘం కార్యదర్శి జోసఫ్ గారికీ, నాకూ అప్పగించారు. నా లెక్కలో శ్రీదివ్యను మించినవాళ్లు లేరు. రెండేళ్లుగా పదివేల మీటర్లలో ఆమె మొదట, నేను రెండు. ఆమె ఎంత గొప్పదో నాకంటే ఎవరికి తెలుస్తుంది? కానీ రామకాంత్ గారు పాతవాళ్లను కూడా చూడాలన్నారు. మన ఇంట్లో పాతకాలపు పరుగుమనిషివి నువ్వున్నావు కదా అని ఫోన్ చేశాను. అది నా తప్పు.

అత్తా, బూట్లు వాటంతట అవి పరిగెత్తవు. పొద్దున్నే లేచేది నేను. అరటిపండు తిని ఎండలో పడి చచ్చేది నేను. చేతి గడియారం గుండె చప్పుడు లెక్కపెడితే అదేదో మోసమన్నట్టు మాట్లాడతావేం? మీ కాలంలో గడియారాలు లేకపోవడం మీ గొప్పతనం ఎలా అవుతుంది?

నాకు కావలసింది మీ రోజుల్లో బాగా పరిగెత్తినవాళ్ల పేర్లు. పేర్లు మాత్రమే. ఉపన్యాసం వద్దు.

పాలు మాడకుండా దించే ఉంటావనుకుంటూ,
రమ్య

&nbsp;

దర్శి,
18 నవంబరు 2024

మేనకోడలు రమ్యకు బసవమ్మ రాసేది,

పాలు నిజంగానే పొంగాయి. పొయ్యంతా కడుక్కోవలసి వచ్చింది.

ఈ నెలలో మన బ్రాంచికి వచ్చిన చేతిరాత ఉత్తరం నీదొక్కటే. మిగతావన్నీ బ్యాంకు నోటీసులూ, ఆధార్ కార్డులూ. సంచి విప్పగానే కవరు మీద నీ కోడికెలుకుడు అక్షరాలు చూసి సంతోషించాను. చదివాక ఆ సంతోషం లేదు. పత్తి తీతకు మనుషులు దొరక్క మీ మామయ్య నన్ను సాయంత్రాలు చేలోకి లాక్కుపోతున్నారు. అందుకే ఆలస్యం.

ఉపన్యాసం వద్దన్నావు. సరే, ఉన్నమాట రాస్తాను. నీ బూటు అడుగున ఏదో పలక ఉంటుందనీ, అది మనిషిని ముందుకు తంతుందనీ నువ్వే చెప్పావు. తన్నేది బూటైతే పతకం దాని మెడలో వెయ్యాలి. అబెబె బికిలా అనే అతను రోమ్‌లో వట్టికాళ్లతో మారథాన్ గెలిచాడని మా పీటీ మేడం చెబుతుండేది. మేమూ వట్టికాళ్లే. గుంటూరు ఎండ, కంకర తేలిన మట్టి ట్రాకు. పందెం అయ్యాక కాళ్లు బకెట్లో పెడితే నీళ్లు ఎర్రబడేవి. ఆడవాళ్లు ఎక్కువ దూరం పరిగెత్తితే పాడైపోతారని ప్రపంచమంతా నమ్మిన రోజులవి. ఒలింపిక్స్‌లో మాకు మారథాన్ పెట్టిందే 1984లో. కాలేజీలో ఆడపిల్లలకు మూడు వేల మీటర్లే అన్నిటికంటే పెద్ద పందెం. ఆ మూడు వేలకే మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, పెదకాకానిలో నలుగురూ ఏమనుకుంటారోనని వారం రోజులు నాతో మాట్లాడలేదు. మేం పరిగెత్తింది ట్రాకు మీద మాత్రమే కాదు, ఈ మాటలన్నిటి మధ్య కూడా. ఇవన్నీ నీ గడియారంలో ఎక్కడ పడతాయి?

పేర్లు అడిగావు. ఒక్కటే పేరు. నసీమున్నీసా. పొన్నూరు అమ్మాయి. వాళ్ల నాన్న అలీ సాహెబ్‌కు అక్కడ బస్టాండు దగ్గర సైకిళ్ల కొట్టు ఉండేది. ఆయన సైకిలు తొక్కుతూ పక్కన వస్తుంటే కాలువ గట్టు మీద పరుగు నేర్చుకుందట. సల్వారు కమీజు వేసుకుని, చున్నీ నడుముకు బిగించి దిగేది. అంత పరుగు నేను మళ్లీ చూడలేదు. మీ శ్రీదివ్యను టీవీలో చూశాను. బాగానే ఉంది. నసీమున్నీసాతో పోల్చడానికి మాత్రం రాదు.

మోకాలు ఎలా ఉంది? మీ నాన్నకు చెప్పకు, నాకు చెప్పు.

చేతికి పత్తికాయ ముళ్లు గుచ్చుకుని ఇంతకంటే రాయలేని,
మీ అత్త

&nbsp;

గుంటూరు,
2 డిసెంబరు 2024

అత్తకు,

మోకాలు బాగుంది. అందరూ నా మోకాలి గురించే ఎందుకు అడుగుతారు?

నీ బికిలా రోమ్ తర్వాత టోక్యోలో మళ్లీ గెలిచాడు. అక్కడ బూట్లు వేసుకున్నాడు. రోమ్ కంటే వేగంగా పరిగెత్తాడు. మీ పీటీ మేడం ఆ సగం చెప్పలేదు కాబోలు.

ఇక నీ నసీమున్నీసా. రెండు వారాలు వెతికాను. ఇక్కడి కాలేజీల్లో అడిగితే అంత పాత రికార్డులు తమ దగ్గర లేవన్నారు. రామకాంత్ గారు అప్పట్లో కుర్రవాడు, మగవాళ్ల పందేల్లో ఉండేవారు. పొన్నూరు నుంచి ఒకమ్మాయి వచ్చేదని లీలగా గుర్తుంది కానీ ఏం గెలిచిందో చెప్పలేనన్నారు. ఆయనకు బాగా గుర్తున్నది ఎవరో తెలుసా? పెదకాకాని నుంచి వచ్చే పొడుగాటి అమ్మాయి. 1984లో మూడు వేలు గెలిచి కప్పు తీసుకున్న అమ్మాయి. ఆ కప్పు మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది. చిన్నప్పుడు నేను అందులో పెన్సిళ్లు వేసుకునేదాన్ని.

అప్పుడు నాకు అర్థమైంది. ఉత్తరమంతా మేము, మా కాలం, మా కాళ్లు అని రాశావు. ఒక్క ముక్క నీ గురించి రాయలేదు. నీ గురించి నువ్వు చెప్పుకోలేక ఇంకెవరి పేరో అడ్డం పెట్టుకున్నావు. నాకు సూటిగా చెప్పొచ్చు కదా? నేనేమైనా పరాయిదాన్నా?

సరే, నీ బదులు నేనే చెప్పాను. నిన్న సమావేశంలో నీ పేరు పెట్టాను. రామకాంత్ గారు వెంటనే ఒప్పుకున్నారు. జోసఫ్ గారు రికార్డు చూస్తే శ్రీదివ్యదే గొప్ప అంటూ కాసేపు వాదించారు. నీ వట్టికాళ్లూ బకెట్ నీళ్లూ చెప్పి ఆయన నోరు మూయించాను. నా వాదనకు విరుద్ధంగా నేనే వాదించుకున్నాను, చూసుకో. ఇక 'బసవమ్మ పరుగు'. ఫిబ్రవరిలో జెండా ఊపడానికి నువ్వు రావాలి. పట్టుచీర వద్దు, ఎండగా ఉంటుంది.

ఇప్పటికైనా నా బూట్లను వదిలేస్తావని ఆశిస్తూ,
రమ్య

&nbsp;

దర్శి,
9 డిసెంబరు 2024

రమ్యా,

ఈ ఉత్తరం అందగానే నా పేరు తీసేయించు. తర్వాత మిగతాది చదువు.

నన్ను అడగకుండా నా పేరు ఎలా పెడతావు? నేను పేరు కోసం డొంకతిరుగుడుగా రాశాననుకున్నావా? నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో నా చేతిమీదుగా ఎన్ని ఉత్తరాలు పోయాయి, డొంకతిరుగుడు ఎలా ఉంటుందో నాకు తెలియదా? నా పేరు చెప్పుకోవాలనుకుంటే బసవమ్మ అని పెద్ద అక్షరాలతో రాసేదాన్ని. మీ మామయ్యకు చదివి వినిపిస్తే ఆయన నవ్వారు. ఆయన మీదా కోపం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం ఎవరికీ అన్నం వడ్డించలేదు.

ఆ కప్పు సంగతి విను. 82లోనూ 83లోనూ నసీమున్నీసా గెలిచింది. రెండుసార్లూ నేను రెండోదాన్ని. ఏదో కొద్ది తేడాతో ఓడానని అనుకునేవు. చివరి మలుపులో ఆమె చున్నీ ముడి కనబడేది, అంతే. ఆమె మొహం నాకు సరిగా తెలియదు. పందెం అవ్వగానే వాళ్ల నాన్న తెచ్చిన అద్దె సైకిలు వెనక కూర్చుని బస్టాండుకు వెళ్లిపోయేది, పొన్నూరు బస్సు తప్పిపోతుందని. ఆమెతో ఒక్కసారీ మాట్లాడలేదు. 84లో గీత దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాను. ఆమె రాలేదు. చదువు మాన్పించి పెళ్లి చేసేశారని ఎవరో అన్నారు. తుపాకీ పేలింది, పరిగెత్తాను, కప్పిచ్చారు. ఇంటికి తెచ్చి మంచం కింద పడేశాను. దాన్ని తోమి అద్దాల బీరువాలో పెట్టింది మీ నాన్న. నేనెప్పుడూ పెట్టమనలేదు. పెన్సిళ్లు వేసుకుని మంచి పని చేశావు.

ఆమె రాని ఏడు గెలిచిన పందెం చూపించి నన్ను ఆమె మీద కూర్చోబెడతావా? అది నాకు గౌరవం అనుకున్నావా?

పొన్నూరు నీకు ఎంతో దూరం లేదు. వెళ్లి ఆమె ఉందో లేదో కనుక్కో. ఉంటే ఆమెనే అడుగు.

పేరు తీయించానని నువ్వు రాసేదాకా నీతో ఫోన్లో కూడా మాట్లాడని,
బసవమ్మ

&nbsp;

గుంటూరు,
22 డిసెంబరు 2024

అత్తకు,

తీయించాను. రామకాంత్ గారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. జోసఫ్ గారు, ఇంకా ఎవరైనా మీ ఇంట్లో వాళ్లున్నారా అమ్మా, పెట్టి తీసేయడానికి, అన్నారు. నీవల్ల పడ్డ మాట అది.

పోయిన ఆదివారం పొద్దున నా పరుగు మానుకుని పొన్నూరు వెళ్లాను. బస్టాండు దగ్గర సైకిళ్ల కొట్టు అంటే ఎవరికీ తెలియలేదు. నసీమున్నీసా అనగానే మాత్రం ముగ్గురు ఒకేసారి దారి చూపించారు. సైకిళ్ల కొట్టు ఇప్పుడు బ్యాటరీ స్కూటర్ల కొట్టు అయింది. పెద్ద అద్దాల షాపు. ముస్తాక్ అని ఆమె కొడుకు చూసుకుంటాడు, గల్లాపెట్టె దగ్గర మాత్రం ఆమే కూర్చుంటుంది. తెల్ల జుట్టు, వెన్ను నిటారుగా, కళ్లద్దాలు.

ఆమెకు అప్పుడు పెళ్లి చేయలేదు, అత్తా. వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చింది. కొట్టు మూతపడుతుందని చదువు మానేసి తనే పంక్చర్లు వేసింది. పెళ్లి చాలా ఏళ్ల తర్వాత జరిగింది. పెళ్లి కోసం పరుగు మానేసిందని నలభై ఏళ్లు మీరంతా ఎలా నమ్మారో నాకు తెలియదు. కనుక్కోవడానికి ఒక కార్డు సరిపోయేది. నువ్వు పోస్టాఫీసు మనిషివి కదా!

అసలు సంగతి విను. పాతవాళ్లు గొప్పా, ఇప్పటివాళ్లు గొప్పా అని అడిగాను. ఆలోచించకుండా ఇప్పటి పిల్లలే అంది. "మా పందేనికి ఎంతమంది వచ్చేవాళ్లమ్మా, పట్టుమని పదిమంది లేరు. ఇప్పుడు ఊరికి పదిమంది పరిగెడుతున్నారు. అందులో గెలవడమే గెలవడం" అంది. శ్రీదివ్య పరుగును ముస్తాక్ ఫోన్లో చూసిందట. ఆ పిల్లను నేనైతే ఏ రోజూ పట్టుకోలేకపోయేదాన్ని అంది. తన పేరు ఏ పందేనికీ పెట్టొద్దని కూడా చెప్పింది. నీ దేవత నా వైపు మాట్లాడింది. ఏమంటావు?

నీ గురించి కూడా చెప్పాను. బసవమ్మ అనగానే ఆమె మొహం వెలిగింది. ఎలా ఉందని ఆప్యాయంగా అడిగింది.

ఈసారైనా గెలిచాననుకుంటున్న,
రమ్య

&nbsp;

దర్శి,
30 డిసెంబరు 2024

రమ్యా,

మిరప తోటలో మొదటి కోత మొదలైంది. తామర పురుగు ఈ ఏడు కాస్త కనికరించింది. చేతులు మండుతున్నాయి కాబట్టి చిన్న ఉత్తరం.

బసవమ్మ అనగానే ఆమె మొహం వెలిగిందని రాశావు. ఎలా వెలుగుతుంది? ఆమెకు నా పేరు తెలియదు. మేమెప్పుడూ మాట్లాడుకోలేదని పోయిన ఉత్తరంలో రాశాను, నువ్వు కోపంలో చదివి ఉంటావు. పందెంలో గెలిచినవాళ్ల పేరు తప్ప మిగతావాళ్ల పేర్లు పిలిచేవాళ్లు కాదు. వీపు మీద గుడ్డముక్క, దాని మీద నంబరు. ఆమెకు నేనొక నంబరును కూడా కాను, ఎందుకంటే ఆమె నా వీపు చూసే అవకాశమే రాలేదు.

నా మనసు నొచ్చుకుంటుందని అబద్ధం రాస్తావా? చిన్నపిల్లలా కనబడుతున్నానా నీకు? మీ కోచ్‌కు చెప్పే కబుర్లు నాకు చెప్పకు.

పట్టుమని పదిమంది లేరని అందట. నిజమే, లేరు. ఆ ఉన్నవాళ్లలో రెండోది ఎవరని నువ్వు అడిగావా? ఆమె ఏమంది? ఉన్నది ఉన్నట్టు రాయి.

అత్త

&nbsp;

గుంటూరు,
6 జనవరి 2025

అత్తకు,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. తర్వాత నన్ను తిట్టకు.

రెండుసార్లు మీ వెనక రెండో స్థానంలో వచ్చింది మా మేనత్తే అని చెప్పాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది, అది నిజం. తర్వాత అంది: "ఏమోనమ్మా. నాకు వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు. రెండోది ఎవరో నాకెట్టా తెలుస్తుంది?"

అంతే. పొగరుగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. నాకే ఒళ్లు మండింది. టీ తెప్పిస్తానంటే వద్దని లేచి వచ్చేశాను. బస్సులో దారంతా నీ మీద కోపం. నలభై ఏళ్లు ఒక మనిషిని నెత్తిన పెట్టుకుని తిరిగావు, మాతో గొడవ పడ్డావు, ఇంట్లోవాళ్లకు అన్నం పెట్టడం మానేశావు. ఆ మనిషికి నువ్వు ఉన్నావన్న సంగతే తెలియదు. ఈ మాట నీకు ఎలా రాయను? అందుకే మొహం వెలిగిందని రాశాను.

రెండో స్థానం ఎలా ఉంటుందో నాకు తెలియదనుకోకు. శ్రీదివ్య పతకం తీసుకుని దిగాక నాకు చెయ్యి ఇస్తుంది, నవ్వుతుంది. నా పేరు ఆమెకు గుర్తుందో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాలంటే భయంగా ఉంది. అది నువ్వు పెట్టిన భయమే.

ఇంకొక మంచి వార్త. పందేనికి పేరు ఖాయమైంది. బనియన్లు ఇస్తానన్న విత్తనాల వ్యాపారి తన తల్లి పేరు పెట్టమన్నాడు. సంఘం వాళ్లు సరేనన్నారు. ఆమె ఎప్పుడైనా పరిగెత్తారా అని నేను అడిగాను. రోజూ పొలానికి నడిచి వెళ్లేదట. జోసఫ్ గారు చప్పట్లు కొట్టారు. రామకాంత్ గారు పైకప్పు చూస్తూ కూర్చున్నారు. రెండు నెలలు మనం కొట్టుకున్నదంతా ఇందుకు. అప్పటివాళ్లూ కాదు, ఇప్పటివాళ్లూ కాదు.

ఆ కమిటీలోంచి తప్పుకున్నాను. ఎవరు గొప్పో నాకు అక్కర్లేదు. నువ్వు మిరపకాయలు కోసుకో, నేను పరిగెత్తుకుంటాను.

నిన్ను నొప్పించాలని కాదు,
రమ్య

&nbsp;

గుంటూరు,
20 జనవరి 2025

బసవత్తకు,
కేరాఫ్ నసీమున్నీసా గారు, బ్యాటరీ స్కూటర్ల షాపు, పొన్నూరు.

ఎక్కడున్నావు?

రెండు వారాలు జవాబు రాకపోతే అలిగావనుకున్నాను. ఇవాళ మామయ్య ఫోన్ చేసి, మీ అత్త మూడు రోజుల క్రితం పొన్నూరు వెళ్లింది, నువ్వే రెచ్చగొట్టావు అని నా మీద విరుచుకుపడ్డారు. నేను వెళ్లమన్నానా? వెళ్లకుండా ఉండాలనే కదా అబద్ధం రాసింది! కాయ కల్లంలో ఆరబోసి ఉందట, మంచుకు పట్టా కప్పడానికి మనిషి లేదట. పోస్టాఫీసు ఉత్తరాలు పంచే ఆదెమ్మకు అప్పగించావట, ఆమె సంచీ తాళం ఎక్కడుందో తెలియక మామయ్యను అడుగుతోందట. ఫోను ఇంట్లో వదిలేసి వెళ్లావట. నేను నీకు చేస్తే అది దిండు కింద మోగింది, మామయ్యే ఎత్తారు.

ఆమెతో పోట్లాడటానికే వెళ్లి ఉంటే వెంటనే వచ్చెయ్. ముసలివాళ్లిద్దరూ బజార్లో తిట్టుకున్నారని మా సంఘంలో తెలిస్తే నేను గుంటూరు వదిలి పోవాలి.

ఇది అందగానే ఎవరి ఫోన్ నుంచైనా చెయ్యి.

రమ్య

&nbsp;

పొన్నూరు,
23 జనవరి 2025

రమ్యకు,

నీ ఉత్తరం ముస్తాక్ తెచ్చి ఇచ్చాడు. కవరు మీద పిన్‌కోడు తప్పు రాశావు. అయినా వచ్చింది, మా శాఖ గొప్పతనం. మీ మామయ్యతో నిన్న మాట్లాడాను. పట్టా కప్పడం ఆయనకు చేతకాదా? పెళ్లయిన దగ్గర్నుంచి ఆ పట్టా నేనే కప్పుతున్నాను, నాలుగు రోజులు ఆయన కప్పితే చేతులు అరిగిపోవు.

పోట్లాడాలనే వచ్చాను. దాచడం దేనికి? నేనున్నానని తెలియకపోతే పోయింది, తన పరుగును తనే తక్కువ చేసి మాట్లాడటానికి ఆమె ఎవరు అనిపించింది. దర్శిలో బస్సెక్కినప్పటి నుంచీ అడగవలసినవన్నీ మనసులో పేర్చుకుంటూ వచ్చాను.

షాపులో నన్ను నేను చెప్పుకున్నాను. తను లేచి నన్ను కూర్చోమంది, అండీ అంటూ మర్యాదగా మాట్లాడింది. గుర్తుపట్టలేదు. మొన్న వచ్చిన అమ్మాయి మీ మేనకోడలా, కోపంగా వెళ్లిపోయింది, నేనేమైనా తప్పు మాట్లాడానా అని అడిగింది. భోజనం పెట్టింది. నేను తెచ్చిన పండుమిరపకాయలు తీసుకుని కోడలికి ఇచ్చింది. అంతా బాగానే ఉంది కానీ నేను మొదలుపెట్టగానే చెడింది. ఇప్పటివాళ్లకు బూట్లున్నాయి, డాక్టర్లున్నారు, మెత్తటి ట్రాకులున్నాయి అన్నాను. ఉంటే వాడుకోరా, నాకు ఇచ్చి ఉంటే నేను వద్దనేదాన్నా అంది. మనం వట్టికాళ్లతో పరిగెత్తాం అన్నాను. "బూట్లు కొనే తాహతు లేక పరిగెత్తామండీ. అది గొప్పా?" అంది. సాయంత్రం దాకా ఇదే. కోడలు మధ్యలో రెండుసార్లు వచ్చి చూసిపోయింది, కొట్టుకుంటామేమోనని. చివరికి నసీమున్నీసా విసిగిపోయి, రాత్రికి ఇక్కడే ఉండండి, పొద్దున నేను నడకకు పోతాను, మాట్లాడకుండా వచ్చేట్టయితే రండి అంది. నేనూ విసిగిపోయే ఉన్నాను. వస్తానన్నాను.

తెల్లవారుతుండగా కాలువ గట్టు ఎక్కాం. వాళ్ల నాన్న సైకిలు తొక్కుతూ వచ్చిన గట్టే అది. ఇప్పుడు తుమ్మ చెట్లు పెరిగి దారి సన్నబడింది, ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ఆమె ముందు, నేను వెనక. అది నడకా? ఆ వయసులో ఆ వేగం ఏంటి! నాకు అందుకోక తప్పలేదు. ఆమె పెంచింది, నేనూ పెంచాను. కాస్త దూరం పోయాక అది నడక కాదు, పరుగూ కాదు. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకున్నాను. ఎదురుగా తెల్ల జుట్టు ముడి, నిటారు వెన్ను. ఊపిరి అందడం లేదు కానీ ఆగాలని అనిపించలేదు.

ఉన్నట్టుండి ఆమె ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. అలాగే నిలబడి అంది:

"నువ్వా?"

నేను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ముక్కుతో గాలి పీల్చుకుంటున్నాను.

"ముక్కుతో బుసకొడుతూ పరిగెత్తే మనిషివి నువ్వేనా? రెండు అడుగులకొకటి, గాలితిత్తిలాగా?"

నాకు చిన్నప్పటి నుంచీ ముక్కులో ఎముక వంకర. పరిగెత్తితే చప్పుడు వస్తుంది. కాలేజీలో పిల్లలు నవ్వేవాళ్లు. అవునన్నాను.

అప్పుడు తిరిగింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నాలుగు చుట్లు అయ్యేసరికి అందరూ రాలిపోయేవాళ్లు. ఈ చప్పుడొక్కటే పోయేది కాదు. తిరిగి చూస్తే దొరికిపోతానని చూసేదాన్ని కాదు. మా నాన్న వెనక ఎవరూ లేరు, నెమ్మదిగా పో అని కేకేసేవాడు. నేను నమ్మేదాన్ని కాదు. దీనికి భయపడే పరిగెత్తాను. ఎవరో నువ్వు, ఇన్నాళ్లకు మొహం చూశాను" అంది.

గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. నాకు ఏడుపు వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పలేను. ఆమె ఏడవలేదు కానీ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కొట్లో పంక్చర్లు వేసే రోజుల్లో పొద్దున్నే ఒక్కతే గట్టు మీద పరిగెత్తి చూసిందట. కాళ్లు కదిలేవి కావట. వెనక ఏమీ వినబడకపోయేసరికి నడిచి ఇంటికి వచ్చేసేదాన్ని, తర్వాత అదీ మానేశాను అంది.

తర్వాత శ్రీదివ్య వెనక రెండోది ఎవరని అడిగింది. "మొన్న నీ మీద కోపంతో టీ తాగకుండా పోయిన పిల్లే" అని చెప్పాను. ఆ అమ్మాయిని ఇంకోసారి పంపు, టీ బాకీ ఉంది అంది. వెళ్లు. మోకాలు సంగతి కూడా ఆమెతో చెప్పు, నాతో ఎలాగూ చెప్పవు. శ్రీదివ్యను నీ పేరు గుర్తుందా అని అడగాలంటే భయమన్నావు. అడుగు.

మా వాదన తేలలేదు. ఇప్పటివాళ్లే గొప్ప అని ఆమె, కాదని నేను. ఇంకా మూడు రోజులు ఉండమంటోంది కాబట్టి ఆ సంగతి తేలుస్తాను. మీ విత్తనాల వ్యాపారి తల్లి పందెంలో మా ఇద్దరి పేర్లూ రాయించు, మేమూ పొలానికి నడిచినవాళ్లమే.

ఒకటి రాయడం మరిచాను. గట్టు మీద నుంచి తిరిగి వచ్చేటప్పుడు, ఈసారి నువ్వు ముందు పో అంది. వద్దన్నాను. వినలేదు. సరేనని ముందుకు వెళ్లాను. ఎదురుగా ఎవరూ లేరు, ఖాళీ గట్టు, పొగమంచు. కాళ్లు ఎటు వేయాలో కాసేపు తెలియలేదు. అంతలో వెనక నుంచి ఆమె అడుగులు వినబడ్డాయి. దగ్గరగా, ఒకే లెక్కన, ఆగకుండా. నేను వెనక్కి తిరగలేదు. తిరగాలనీ అనిపించలేదు. గట్టు దిగి వాళ్ల వీధిలోకి మళ్లాలి. ఇద్దరిలో ఎవరం మళ్లలేదు. చెట్ల సందున వాళ్ల ఇంటి డాబా కనబడింది, దాటిపోయింది.

రోజూ ఆ గట్టు ఎక్కి కాళ్లు రెండూ పట్టేసి మంచం మీద కూర్చుని రాస్తున్న,
మీ బసవత్త